రాడ్51 యాంటీబాడీ: వెస్టర్న్‌లో బ్యాండ్ ఉంది, కణాల్లో మాత్రం ఫోకై కనబడటం లేదు

ప్రశ్న:
ఆర్‌పీఈ-1 కణాలకు (మనిషి కంటి రెటీనా నుంచి వచ్చినవి) 4 గ్రే రేడియేషన్ ఇచ్చి, అరగంట తర్వాత ఫిక్స్ చేసి (రసాయనంతో ఉన్నవి ఉన్నట్టు నిలిపి), తెగిన డీఎన్ఏను మరమ్మతు చేసే రాడ్51 ప్రొటీన్ కోసం స్టెయిన్ చేస్తున్నాను. కుందేలు యాంటీబాడీ. వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రొటీన్లను సైజు ప్రకారం విడదీసి చూసే పరీక్ష) 37 కిలోడాల్టన్ల దగ్గర శుభ్రమైన బ్యాండ్ వస్తోంది, కానీ మైక్రోస్కోప్‌లో న్యూక్లియస్ అంతా ఒకేలా మెరుస్తోంది తప్ప చుక్కలు (ఫోకై) లేవు. అవే కణాల్లో డీఎన్ఏ తెగిన చోట్లను చూపించే గామా హెచ్2ఏఎక్స్ చుక్కలు బ్రహ్మాండంగా ఉన్నాయి. మూడు వారాలుగా ఇదే పని, యాంటీబాడీ కూడా అయిపోవస్తోంది, టెన్షన్‌గా ఉంది. వేరేది కొనాలా?

మొదటి జవాబు:
ఆగండి, అప్పుడే కొనకండి. అరగంట గామా హెచ్2ఏఎక్స్‌కి సరిపోతుంది, రాడ్51కి చాలదు. ముందు తెగిన డీఎన్ఏ కొసలు ఒకవైపు కోసుకుపోవాలి, బయటపడిన ఒంటి పోగును ఆర్‌పీఏ అనే ప్రొటీన్ కప్పాలి, ఆ తర్వాతే బీఆర్‌సీఏ2 అనే మరో ప్రొటీన్ వచ్చి ఆర్‌పీఏ ఉన్న చోట రాడ్51ని ఎక్కిస్తుంది. నాలుగు నుంచి ఆరు గంటలు ఆగి ఫిక్స్ చేసి చూడండి. ఇంతకీ ప్లేట్‌లో కణాలు ఎంత నిండుగా ఉన్నాయి?

రెండో జవాబు:
వెస్టర్న్‌లో పనిచేసిందని ఇక్కడా పనిచేయాలని లేదండీ. అక్కడ ప్రొటీన్ ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్‌తో విప్పుకుని ఉంటుంది, ఫిక్స్ చేసిన కణంలో మడతల్లోనే ఉంటుంది, యాంటీబాడీ పట్టుకునే చోటు లోపలికి పోయి ఉండొచ్చు. ఇంకొకటి, డీఎన్ఏకి అతుక్కోని రాడ్51 న్యూక్లియస్‌లో చాలా ఉంటుంది, మీకు కనిపించే ఆ మెరుపు బహుశా అదే. ఫిక్స్ చేసే ముందు చల్లటి ట్రైటాన్ డిటర్జెంట్ బఫర్‌లో కొద్ది నిమిషాలు ఉంచితే అది కొట్టుకుపోతుంది, కాకపోతే కణాలు ఊడిపోకుండా మెల్లగా చేయాలి. వెస్టర్న్‌లో లోడింగ్ కంట్రోల్‌గా (అన్ని శాంపిళ్లలో ప్రొటీన్ సమానంగా పోశామా అని చూసేందుకు) జీఏపీడీహెచ్ ప్రొటీన్ వాడుతుంటే మానేయండి, అదీ దాదాపు 37 దగ్గరే వస్తుంది.

అడిగినవారు:
ప్లేట్ పూర్తిగా నిండిపోయాకే రేడియేషన్ ఇచ్చాను, ఎక్కువ కణాలుంటే లెక్కపెట్టడం తేలికని.

మొదటి జవాబు ఇచ్చినవారు:
అయితే ముందు అది సరిచేయండి. ఆర్‌పీఈ-1 ఒకదానికొకటి తగిలేంత నిండితే విభజన ఆపేసి, డీఎన్ఏ నకలు చేయకముందు దశ అయిన జీ1 దగ్గరే ఉండిపోతుంది. రాడ్51తో జరిగే మరమ్మతుకు జతపోగు కావాలి కాబట్టి ఆ ఫోకై డీఎన్ఏ నకలు అయ్యే ఎస్, దాని తర్వాతి జీ2 దశల్లోనే వస్తాయి. సగం నిండిన ప్లేట్ తీసుకుని, ఎలుక యాంటీబాడీతో సైక్లిన్ ఏ (ఆ దశల్లో ఉన్న కణాలను గుర్తుపట్టించే ప్రొటీన్) కూడా స్టెయిన్ చేయండి, సైక్లిన్ ఏ ఉన్న కణాల్లోనే లెక్కపెట్టండి.

అడిగినవారు:
చేశాను. సగం ప్లేట్, ఐదు గంటలు. సైక్లిన్ ఏ ఉన్నవాటిలో చుక్కలు వచ్చాయి, లేనివాటిలో రాలేదు! చాలా చాలా థాంక్స్. వెనక మెరుపు ఇంకా ఉంది, ట్రైటాన్ రేపు చేస్తాను.

రెండో జవాబు ఇచ్చినవారు:
సంతోషం. అయితే ఆ చుక్కలు నిజంగా రాడ్51వేనా అన్నది కూడా తేల్చుకోండి. జన్యువును పూర్తిగా తీసేస్తే కణాలు బతకవు కాబట్టి ఎస్ఐఆర్‌ఎన్ఏతో (ఆ ప్రొటీన్ తయారీని అడ్డుకునే చిన్న ఆర్‌ఎన్ఏ) తగ్గించి చూడాలి. పనిచేసే బీఆర్‌సీఏ2 లేని కపాన్-1 క్యాన్సర్ కణాలు దొరికితే వాటికీ ఇదే రేడియేషన్ ఇచ్చి పక్కన పెట్టండి. అక్కడ కూడా ఇన్నే చుక్కలు కనిపిస్తే మాత్రం ఆ యాంటీబాడీని నమ్మొద్దు.