ఎక్స్ఎమ్ఎల్ మాన్యువల్ ఒమేగాటిలో తెరిస్తే వాక్యాలు ముక్కలవుతున్నాయి, ఫిల్టర్ ఎలా సెట్ చేయాలి?

ప్రశ్న:
అందరికీ నమస్తే. పంపుసెట్ స్టార్టర్ బాక్స్ మాన్యువల్ ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి చేస్తున్నా, ఫైళ్లన్నీ కంపెనీ సొంత ఎక్స్ఎమ్ఎల్ (టెక్స్ట్‌ని ట్యాగ్‌ల మధ్య పెట్టే ఫార్మాట్), రెయిన్‌బోలో (ఫైళ్లని అనువాదానికి సిద్ధం చేసే టూల్) ప్యాకేజీ కట్టి ఒమేగాటిలో (అనువాదం చేసే సాఫ్ట్‌వేర్) తెరిచాను. బోల్డ్ ట్యాగ్ ఉన్న ప్రతిచోటా వాక్యం తెగిపోతోంది. "ప్రెస్ ద" ఒక సెగ్మెంట్ (విడిగా అనువదించాల్సిన ముక్క), "గ్రీన్ బటన్" ఇంకోటి, "టు స్టార్ట్ ద మోటార్" మరోటి. మనకి క్రియ చివర్లో కదా వచ్చేది, మొదటి ముక్కలో ఏం రాయను? పైగా పార్ట్ నంబర్లు కూడా అనువాదానికి వచ్చేస్తున్నాయి, బొమ్మల ఆల్ట్ టెక్స్ట్ (బొమ్మ బదులు చూపే వివరణ) మాత్రం అసలు రావట్లేదు. రైతులు చదివేది, కరెంటుతో పని, అర్థం అటూఇటూ కాకూడదు, ఎవరైనా చెప్పండి ప్లీజ్.

జవాబు 1:
ఇందులో ఒమేగాటి చేసేదేం లేదండి, చూడాల్సింది రెయిన్‌బోలో. అక్కడి ఒకాపి ఎక్స్ఎమ్ఎల్ ఫిల్టర్ (ఫైల్లోంచి అనువదించాల్సిన టెక్స్ట్ బయటికి తీసేది) ఐటీఎస్ రూల్స్‌తో నడుస్తుంది (ఏది అనువదించాలో చెప్పే, వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూత్రీసీ స్టాండర్డ్, 2007లో మొదటిది, 2013లో 2.0 వచ్చింది). మీరు ఏమీ చెప్పకపోతే అది ప్రతి ఎలిమెంట్‌నీ (తెరిచే, మూసే ట్యాగ్‌లూ వాటి మధ్య ఉన్నదీ) విడి టెక్స్ట్ అనుకుంటుంది, లోపలున్నదంతా అనువదించాలనుకుంటుంది, యాట్రిబ్యూట్ల (ఆల్ట్ లాగా ట్యాగ్ లోపలే రాసే విలువలు) జోలికి పోదు. మీ మూడు బాధలూ అక్కడివే. ఫిల్టర్ కాన్ఫిగరేషన్ మేనేజర్‌లో ఎక్స్ఎమ్ఎల్ కాన్ఫిగరేషన్‌కి కాపీ చేసుకుని మూడు రూల్స్ రాయండి. బోల్డ్ ట్యాగ్‌కి విత్‌ఇన్‌టెక్స్ట్ రూల్ "యెస్" (అంటే వాక్యంలో భాగమే అని), పార్ట్ నంబర్ ట్యాగ్‌కి ట్రాన్స్‌లేట్ రూల్ "నో", ఆల్ట్ యాట్రిబ్యూట్‌కి అదే ట్రాన్స్‌లేట్ రూల్ "యెస్". తర్వాత ఇన్‌పుట్ లిస్ట్‌లో అన్ని ఫైళ్లకీ ఈ కాన్ఫిగరేషన్ తగిలించి ప్యాకేజీ మళ్లీ కట్టండి, పాతదాంట్లో పని కొనసాగించొద్దు.

ప్రశ్న అడిగినవారు:
థాంక్యూ అండి, రాశాను. కానీ ఒక్క రూలూ పట్టట్లేదు, ఎర్రర్ కూడా చూపించట్లేదు, అచ్చం ముందులాగే ముక్కలు.

జవాబు 2:
ఫైల్ పైన రూట్ ట్యాగ్ (అన్నిటికన్నా బయటిది) చూడండి, నేమ్‌స్పేస్ (ఈ ట్యాగ్ పేర్లు ఏ గుంపువో చెప్పే ఎక్స్ఎమ్ఎల్ఎన్ఎస్ అనే చిరునామా) ఉండి ఉంటుంది. అది ఉంటే ఎక్స్‌పాత్‌లో (రూల్ ఏ ట్యాగ్‌కో చూపించే సెలెక్టర్ రాసే భాష) ఉత్త ట్యాగ్ పేరు రాస్తే దేనికీ తగలదు, తగల్లేదని ఎవరూ చెప్పరు కూడా, చాలామంది గంటలు గంటలు కొట్టుకునేది ఇక్కడే. రూల్స్ బ్లాక్‌లో అదే నేమ్‌స్పేస్‌కి ఒక ప్రిఫిక్స్ (పొట్టి ముందుపేరు) పెట్టి, సెలెక్టర్‌లో ప్రతి ట్యాగ్ పేరు ముందూ అది రాయండి. ఆల్ట్ లాంటి యాట్రిబ్యూట్‌కి మాత్రం ప్రిఫిక్స్ అక్కర్లేదు. ఇంకో మాట, రెండు రూల్స్ ఒకే ట్యాగ్‌కి తగిలితే కింద రాసిందే చెల్లుతుంది, అందుకే జనరల్ రూల్ పైన, ప్రత్యేకమైంది కింద.

ప్రశ్న అడిగినవారు:
నేమ్‌స్పేసే! ఇప్పుడు వాక్యం మొత్తం ఒకే సెగ్మెంట్‌లో వస్తోంది, మధ్యలో బోల్డ్ బదులు కనిపించే జీ1 ట్యాగ్‌లతో. "గ్రీన్ బటన్‌ని" అని రాయాలంటే "ని" ట్యాగ్ లోపలా బయటా?

జవాబు 1:
బయట, స్పేస్ లేకుండా మూసే ట్యాగ్‌కి అంటించి రాయండి, బటన్ మీద ఉన్న పేరు మాత్రమే బోల్డ్‌లో ఉండాలి. ట్యాగ్ జంటని వాక్యంలో ఎక్కడికైనా జరపొచ్చు, మూసేది తెరిచేదాని ముందుకి రాకపోతే చాలు, చివర్లో ట్యాగ్ చెక్ నడపండి. మొత్తం అనువదించకముందే ఒక్క ఫైల్ తీసుకుని ఉన్నది ఉన్నట్టు టార్గెట్‌లోకి కాపీ చేసి, రెయిన్‌బోలో మానిఫెస్ట్ ఫైల్‌తో (ప్యాకేజీలో వచ్చే ఫైళ్ల జాబితా) పోస్ట్ ప్రాసెసింగ్ (అనువాదాన్ని తిరిగి ఎక్స్ఎమ్ఎల్‌లో పెట్టే పని) నడిపి ఒరిజినల్‌తో పోల్చి చూడండి. తేడా ఏమైనా ఉంటే ఇప్పుడే బయటపడుతుంది.