సబ్లిమేషన్‌కు తక్కువ ఖర్చులో ఏ ప్రింటరు కొనాలి?

రంగులపిచ్చి:
సాయంత్రం 5 గంటలకు మొదలుపెట్టాను, ఇప్పుడు రాత్రి 11 అయింది. సబ్లిమేషన్ ఇంకుతో (వేడిచేస్తే గుడ్డలోకి ఎక్కే ఇంకుతో) కాగితంపై ముద్రించిన బొమ్మను టీషర్టుపై పెట్టి 200 డిగ్రీల దగ్గర ఒక నిమిషం ప్రెస్ చేస్తే, కాగితం తీసేసరికి బొమ్మ పాత మరకలా వెలవెలబోయి ఉంది. ఒక్కసారి ఉతికితే అదీ పోయింది. మూడు టీషర్టులు పాడయ్యాయి. ఈ ప్రింటరుతో ఇక లాభం లేదు కనుక, తక్కువ ఖర్చులో సరిగా పనిచేసేది ఏదో చెప్పగలరు. వెతుక్కోమని మాత్రం అనకండి, వెతికి విసిగిపోయే ఇక్కడికి వచ్చాను.

కప్పులవాడు:
ఏ ప్రింటరు? ఏ గుడ్డ?

అక్షరపక్షపాతి:
ముందుగా ఒక మాట. వేడితో అంటించే ప్రతి పనినీ ఇక్కడ సబ్లిమేషన్ అంటున్నారు, అది సరికాదు. ఘనపదార్థం ద్రవం కాకుండా నేరుగా వాయువు కావడమే ఉత్పతనం, అంటే సబ్లిమేషన్. కర్పూరం, కలరా ఉండలు చూపించి బడిలో చెప్పిన పాఠమే ఇది. ట్రాన్స్‌ఫర్ పేపరుతో గుడ్డకు అంటేది పైపొర మాత్రమే, వేలితో తడిమితే తెలిసిపోతుంది. ఫొటోల కోసం అమ్మే చిన్న డై సబ్లిమేషన్ ప్రింటర్లు కూడా వేరే జాతివి. వాటిలో ఉండేది ఇంకు కాదు, రిబ్బను. పేరు చూసి అవి కొంటే మీ పనికి అక్కరకు రావు.

కప్పులవాడు:
గుడ్డ ఏమిటో ఆయన ఇంకా చెప్పలేదు.

రంగులపిచ్చి:
మంచి కాటన్ టీషర్టేనండీ. దానికీ ప్రింటరుకూ సంబంధం ఏమిటి?

నాజిల్‌బాధితుడు:
సంబంధమంతా అక్కడే ఉందండీ. ఈ ఇంకులోని రంగు వేడికి ఆవిరై, అదే వేడికి వదులైన పాలిస్టరు పోగులోకి చొరబడి, చల్లారాక అక్కడే చిక్కుకుంటుంది. కాటన్ పోగులో దానికి నిలిచే చోటు దొరకదు కనుక, ఎంత ఖరీదైన ప్రింటరు తెచ్చినా మీకు ఇదే ఫలితం వస్తుంది. గుడ్డ తెల్లగానో లేతరంగులోనో ఉండాలి, ఎందుకంటే ఈ ఇంకుల్లో తెలుపు లేదు.

ఇక ప్రింటరు విషయానికి వస్తే, పియెజో హెడ్, అంటే ఇంకును వేడిచేయకుండానే చిమ్మే హెడ్ ఉన్నదే తీసుకోండి. థర్మల్ హెడ్ ఇంకును వేడిచేసి చిమ్ముతుంది, వేడికి మారిపోయే ఇంకుకు అది పనికిరాదు. ఎప్సన్ ఎకోట్యాంక్ వరుసలో చిన్న ఏ4 మోడలు కొని, పెట్టెలో వచ్చిన ఇంకు ముట్టకుండా మొదటిసారే సబ్లిమేషన్ ఇంకు పోయడం చవకైన దారి. వారంటీ మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. ఆ తంటా వద్దనుకుంటే ఎప్సన్‌దే ఎఫ్170 వంటివి ఈ పనికోసమే తయారై వస్తాయి, వాటి ధర ఎక్కువ. ఏది కొన్నా రెండు మూడు రోజులకొకసారి ఒక రంగుల పేజీ ముద్రిస్తూ ఉండండి. నేను పది రోజులు ఊరెళ్లి వచ్చి నాజిల్ చెక్ (ఇంకు చిమ్మే రంధ్రాలు తెరిచి ఉన్నాయో లేదో చూపే పేజీ) తీస్తే నీలం గీతలు మెట్లు విరిగిన నిచ్చెనలా ఉన్నాయి. హెడ్ క్లీనింగ్ నడిపీ నడిపీ ట్యాంకులో ఇంకు కళ్లముందే దిగిపోయింది.

అక్షరపక్షపాతి:
'ఆవిరై' అనకూడదు. ఆవిరి ద్రవం నుంచి పుట్టేది. 'వాయువై' అనాలి.

నాజిల్‌బాధితుడు:
మూత తీసి ఉంచితే కర్పూరం ఆవిరైపోయిందనే మా ఇంట్లో అంటారు.

అక్షరపక్షపాతి:
ఇంట్లో అనడం వేరు, సాంకేతిక చర్చలో రాయడం వేరు.

రంగులపిచ్చి:
ఒక మాట చెప్పడం మరిచాను. ట్యాంకులో మామూలు ఇంకు కొంచెం మిగిలి ఉండగానే దానిమీద సబ్లిమేషన్ ఇంకు పోశాను. పరవాలేదా?

కప్పులవాడు:
పరవాలేదా అంటే ఏం చెప్పను? గొట్టాల్లో కూడా పాతదే ఉంటుంది. అది పూర్తిగా పోయేదాకా రంగులు కుదరవు.

రంగులపిచ్చి:
ఒక పాలిస్టరు బనియను దొరికితే ప్రెస్ చేసి చూశాను, రంగు పట్టింది. నలుపు మాత్రం గోధుమరంగుకు తిరిగింది, అది రేపు చూస్తాను. అందరికీ ధన్యవాదాలు.

కప్పులవాడు:
ఏ ప్రింటరో ఇప్పటికీ చెప్పలేదు.