మనసు మీద వర్ణనాత్మక పరిశోధన: ఇంటర్వ్యూలో, పరిశీలనలో తప్పులు ఎక్కడ వస్తున్నాయి?

ఒంగోలు ఎం.ఏ.
కొత్తపట్నం మత్స్యకారులకు నడిసముద్రంలో కలిగే భయం మీద ప్రాజెక్టు. ప్రశ్నావళి ఇవ్వాలా, కూర్చుని మాట్లాడాలా? వేట నిషేధంలో (ఏప్రిల్ 15 నుంచి జూన్ 14) అందరూ ఒడ్డునే దొరుకుతారు కదా, అప్పుడే పెట్టుకుందామని ఉంది.

కావలి సైకాలజీ
ఎంతమందికి, ఎన్నిసార్లు అన్న లెక్క కావాలంటే ప్రశ్నావళి. ఆ భయం ఎలా ఉంటుందో తెలియాలంటే మాటలే దిక్కు. 1894లో జర్మన్ తత్వవేత్త డిల్తై అన్నదీ ఇదే: ప్రకృతిని కారణాలతో వివరిస్తాం, మనసును అర్థం చేసుకుంటాం.

నిషేధం రోజుల్లో మనుషులు దొరుకుతారు, నిజమే. కానీ అప్పుడు చేతిలో డబ్బాడదు. అప్పుల దిగులు వచ్చి సముద్రపు భయంలో కలుస్తుంది. ప్రతి ఇంటర్వ్యూ మీదా తేదీ వేయండి, కొందరితో వేట మొదలయ్యాక మాట్లాడండి.

"ఎందుకు భయపడ్డావు?" అని మాత్రం అడగొద్దు. అలా అడిగితే మనిషి అప్పటికప్పుడు ఒక కారణం అల్లి చెబుతాడు. "పడవెక్కిన కాడ్నించీ ఏం జరిగిందో చెప్పు బాబాయ్" అనండి. ఆయన "గుండె జారిపోయింది" అంటే "ఆందోళనా?" అని మన మాట అందించకూడదు. "అప్పుడు చేతులు ఏం చేస్తా ఉండాయి?" అని అడగండి, అసలు సంగతి బయటికొస్తుంది.

మూలపేట
రికార్డింగును యాసతో సహా రాసుకోండి. గంట మాటలకి నాలుగైదు గంటల రాతపని తప్పదు. ఆపైన, అనుభవాన్ని ఉన్నదున్నట్టు వర్ణించడానికి అమెరికా సైకాలజిస్టు జార్జీ పెట్టిన పద్ధతి బాగా పనికొస్తుంది, మాట్లాడేవాళ్ళు కనీసం ముగ్గురైనా ఉండాలంటాడాయన. ముందు మొత్తం చదవాలి. తర్వాత అర్థం మారినచోటల్లా గీత పెట్టాలి. ఆ ముక్కల్ని ఒక్కొక్కటిగా ప్రథమ పురుషలో ("నేను" కాదు, "అతను" అని), సైకాలజీ దృష్టితో తిరగరాయాలి. అందరి అనుభవాల్లోనూ మారకుండా నిలిచే నిర్మాణాన్ని చివర్న రాయాలి.

పాడయ్యేది మూడో అంచెలోనే. ఉదాహరణకి ఒకాయన "అల లేసినప్పుడు ఇంజన్ సప్పుడు ఇనపడలా, పిల్లోళ్ళే కళ్ళముందు" అన్నాడనుకోండి. "అతనికి పానిక్ వచ్చింది" అని రాస్తే అది మనం అంటించిన పేరు, ఆయన అనుభవం కాదు. "అల లేచిన క్షణాన దగ్గరి చప్పుడు గమనం నుంచి తప్పుకుంటుంది, అక్కడ లేని పిల్లలు ముందుకొస్తారు" అనాలి.

కనిగిరి
మేం అంగన్‌వాడీలో ఒంటరి ఆట చూస్తున్నాం. ఒక్కో విడతలో 15 సెకన్లు చూడటం, ఒంటరి ఆట కనిపిస్తే "అవును", లేకపోతే "కాదు" అని 10 సెకన్లలో గుర్తు పెట్టడం. ఇద్దరం 100 విడతల్లో 90 ఒకేలా పెట్టాం. చాలదా అక్కా?

కావలి సైకాలజీ
చాలదమ్మా. ఇద్దరూ "అవును" అన్నవి, "కాదు" అన్నవి విడిగా చెప్పు.

కనిగిరి
ఇద్దరం "అవును" 10, ఇద్దరం "కాదు" 80. తేడా వచ్చినవి చెరి 5.

కావలి సైకాలజీ
అంటే ఒక్కొక్కరివి 15 "అవును", 85 "కాదు". చూడకుండా గుర్తులు పెట్టినా 0.15×0.15 + 0.85×0.85 = 0.745 కలిసిపోతుంది. ఇలా ఊరికే కలిసేదాన్ని తీసేసి చూసే కొలత కప్పా, సైకాలజిస్టు కోహెన్ 1960లో ఇచ్చాడు. దాని ప్రకారం (0.90 − 0.745) ÷ (1 − 0.745), అంటే 0.61. అరుదుగా కనిపించే ప్రవర్తనకి శాతం ఎప్పుడూ ఇలాగే మోసం చేస్తుంది.

తేడా వచ్చిన ఆ 10 విడతల్నీ ఇద్దరూ కలిసి చూడండి. పక్కపిల్ల చేతిలో ఉన్నలాంటి బొమ్మతోనే, ఆ పిల్లతో కలవకుండా ఆడే బిడ్డ దగ్గరే మీరిద్దరూ చీలి ఉంటారు. పిల్లల ఆటల్ని రకాలుగా విడదీసిన పరిశోధకురాలు పార్టెన్ 1932లో దాన్ని ఒంటరి ఆటలో కలపలేదు, సమాంతర ఆటగా వేరే పెట్టింది. నిర్వచనంలో ఆ ముక్క చేర్చి, పాత గుర్తులు దిద్దకుండా కొత్త విడతల మీద కప్పా మళ్ళీ తీయండి. ఇంకోటి: ఏ బిడ్డని ఎప్పుడు చూడాలో ముందే వరస రాసుకోండి, లేకపోతే కన్ను అల్లరి చేసేవాడి మీదికే పోతుంది.