ఏ పెన్ డ్రైవ్ కొన్నా నిలవట్లేదు, గట్టిదేదో చెప్పండి

మిర్చి_యార్డు_గుంటూరు
అన్నలూ, పొద్దుట్నుంచీ దీంతోనే సరిపోయింది. 64 జీబీ పెన్ డ్రైవ్. పేరున్న కంపెనీదే, షాపులో బిల్లుతో కొన్నదే. ఇప్పుడు ఏం కాపీ చేయబోయినా డిస్క్ రైట్ ప్రొటెక్టెడ్ అంటోంది. ఫార్మాట్ చేద్దామన్నా అదే మాట. పక్కన లాక్ స్విచ్ కూడా లేదు. వేరే కంప్యూటర్లో పెట్టినా అంతే. దీనికి ముందుదీ ఇలాగే పోయింది. రేటు కాస్త ఎక్కువైనా పర్లేదు, నాలుగేళ్లు నిలిచేది ఒక్కటి చెప్పండి. వాడకం మామూలే, షాపు ఫైళ్లు.

సూటిగా
లోపలున్నది ముందు బయటికి కాపీ చేసుకో. ఫార్మాట్ జోలికి పోకు.

సర్వీస్_బెంచ్
పైన చెప్పింది మొదట చేయండి. ఆ ఎర్రర్‌కి మూడు కారణాలుంటాయి. ఒకటి, విండోస్‌లో ఆ డిస్కుకి రీడ్ ఓన్లీ గుర్తు పడి ఉండటం. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి డిస్క్‌పార్ట్ కొట్టండి. లిస్ట్ డిస్క్ అంటే నంబర్లు వస్తాయి. సైజు చూసి పెన్ డ్రైవ్ నంబరే సెలెక్ట్ చేసి, 'ఆట్రిబ్యూట్స్ డిస్క్ క్లియర్ రీడ్‌ఓన్లీ' ఇవ్వండి. దీనితో ఏదీ చెరగదు. వీడియోలు చూసి దాని తర్వాత క్లీన్ మాత్రం కొట్టకండి, అది పార్టిషన్ సమాచారం తుడిచేస్తుంది.

రెండోది, విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో స్టోరేజ్‌డివైస్‌పాలసీస్ కింద రైట్‌ప్రొటెక్ట్ విలువ 1గా ఉండటం. మీకు వేరే కంప్యూటర్లోనూ అదే వస్తోంది కాబట్టి ఇది కాకపోవచ్చు.

మూడోది, పెన్ డ్రైవ్‌లో రాయడం, చదవడం నడిపే చిప్, అంటే కంట్రోలరే తాళం వేసుకోవడం. చెడిన బ్లాకుల స్థానంలో వాడటానికి ఫ్లాష్‌లో, అంటే డేటా దాచే చిప్‌లో, కొన్ని స్పేర్ బ్లాకులు పక్కన పెట్టి ఉంచుతారు. అవి అయిపోయాక చాలా కంట్రోలర్లు చదవనిస్తాయి గానీ రాయనివ్వవు. డిస్క్‌పార్ట్‌తో గుర్తు పోకపోతే ఇదే అనుకోండి. దానికి రిపేరు లేదు. చదవనిచ్చినన్నాళ్లే అవకాశం, ఆలస్యం చేయకండి.

నకిలీ_వేట
అసలుదో నకిలీదో చూశారా? బిల్లున్నంత మాత్రాన లోపలి చిప్ అసలుదని కాదు. 16 జీబీ చిప్ పెట్టి, కంట్రోలర్ చేత 64 అని చెప్పిస్తారు. మొదటి 16 దాకా బాగానే రాస్తుంది. ఆ తర్వాత రాసినవి పాతవాటి మీద పడతాయి, లేదా ఎక్కడా పడవు. ఫైళ్ల పేర్లు కనిపిస్తాయి, తెరిస్తే ఏమీ ఉండదు.

కొత్తది కొనగానే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ నడపండి, డ్రైవ్ నిండా రాసి మళ్లీ చదివి సరిచూసే ప్రోగ్రామ్ అది. జర్మనీ పత్రిక సీటీ వాళ్లు ఉచితంగా ఇచ్చింది. లినక్స్‌లో అయితే ఎఫ్3 ఉంది. ఖాళీ డ్రైవ్ మీద 'ఆల్ అవైలబుల్ స్పేస్' ఎంచుకుని రైట్ ప్లస్ వెరిఫై నొక్కాలి. సెకనుకి 20 ఎంబీ రాసే 64 జీబీ డ్రైవ్‌కి రాయడానికే ముప్పావు గంట పైన పడుతుంది, మళ్లీ చదివి సరిచూడటానికి ఇంకో అరగంట వేసుకోండి. చివర్లో ఎర్రర్ లేకుండా ముగిసిందంటేనే ఉంచుకోండి, లేకపోతే రిటర్న్ గడువులోనే వెనక్కి ఇచ్చేయండి.

మిర్చి_యార్డు_గుంటూరు
నాది 57.6 జీబీనే చూపించింది ముందు నుంచీ. అంటే నకిలీదేనా?

స్పెక్_చదివేవాడు
కాదండీ. కంపెనీ లెక్కలో జీబీ అంటే వంద కోట్ల బైట్లు. విండోస్ 1024ని మూడుసార్లు గుణించి లెక్కేస్తుంది. ఆ లెక్కన 64 జీబీ అంటే 59.6. అందులో కొంత స్పేర్ బ్లాకులకి పోతుంది. 57, 58 రావడం మామూలే.

ఇంకో సంగతి. పెట్టె మీద యూఎస్‌బీ 3.2 జెన్ 1 అని చూసి కొత్త రకమని ఎక్కువ పెట్టకండి. 3.0, 3.1 జెన్ 1, 3.2 జెన్ 1 మూడూ ఒకటే, 5 జీబీపీఎస్ (సెకనుకి 5 గిగాబిట్లు). అది కూడా దారి వేగమే గానీ ఫ్లాష్ రాసే వేగం కాదు. 'అప్‌టు 130 ఎంబీ' అని ఉంటే అది చదివే వేగం. రాసే వేగం వేయలేదంటే తక్కువని అర్థం.

నకిలీ_వేట
జెన్ 2 అని వేసినవి నిజంగానే వేగంగా ఉంటాయి కదా.

స్పెక్_చదివేవాడు
జెన్ 2 వేరు, అది 10 జీబీపీఎస్. నేను చెప్పింది జెన్ 1 గురించి.

సర్వీస్_బెంచ్
అన్నా, 'షాపు ఫైళ్లు' అంటే ఏం ఫైళ్లు? కాపీ చేసి తీసుకెళ్తారా, లేక పెన్ డ్రైవ్‌లోనే తెరిచి పని చేస్తారా? ఇది తెలియకుండా మోడల్ చెప్పి లాభం లేదు.

బలమైన_పాస్‌వర్డ్
అంతకంటే ముందు అడగాల్సింది, అది జేబులోంచి జారిపోతే ఎవరి చేతిలో పడుతుందని. అందులో మీ పార్టీల జీఎస్టీ నంబర్లు, బ్యాంకు వివరాలు ఉంటాయి. విండోస్ ప్రో ఉంటే డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి బిట్‌లాకర్ ఆన్ చేయండి, పాస్‌వర్డ్ లేకుండా ఎవరూ తెరవలేరు. హోమ్ ఎడిషన్‌లో అలా ఆన్ చేయలేరు గానీ, వేరేచోట లాక్ చేసిన డ్రైవ్‌ని పాస్‌వర్డ్ ఇచ్చి తెరవచ్చు. 48 అంకెల రికవరీ కీ ప్రింటు తీసి బీరువాలో పెట్టండి, అదే పెన్ డ్రైవ్‌లో పెట్టొద్దు.

మిర్చి_యార్డు_గుంటూరు
పాస్‌వర్డ్ సంగతి తర్వాత సార్. సర్వీస్ బెంచ్ గారూ, ట్యాలీ డేటా అండీ, షాపు లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్. షాపులో పెట్టి ఎంట్రీలు వేస్తాను, రాత్రికి ఇంట్లో లాప్‌టాప్‌కి పెట్టి మిగతావి వేస్తాను. నెలకోసారి ఆడిటర్ గారి దగ్గరికి. డేటా ఎక్కడుందో ట్యాలీకి చెప్పే స్పెసిఫై పాత్‌లో పెన్ డ్రైవ్ ఫోల్డరే ఇచ్చా. కాపీ చేసే పనే ఉండదు కదా అని.

సర్వీస్_బెంచ్
ఈ మాట మొదటే చెప్పి ఉంటే సగం చర్చ తగ్గేది. ఈ వాడకం పెన్ డ్రైవ్‌కి సరిపడదు, ఏ కంపెనీదైనా.

ఎందుకంటే ఫ్లాష్‌లో రాసినచోట మళ్లీ రాయడం కుదరదు, ముందు చెరపాలి. చెరిపేది మెగాబైట్లలో ఉండే పెద్ద బ్లాకుగా. ట్యాలీ ఒక్కో వోచరు సేవ్ చేసినప్పుడల్లా ఫైళ్లలో అక్కడక్కడా చిన్న చిన్న ముక్కలు మారుస్తుంది. నాలుగు కేబీ మార్చడానికి కంట్రోలర్ బోలెడు డేటా కదిలించాల్సి వస్తుంది. ఎస్‌ఎస్‌డీలో (హార్డ్ డిస్కు బదులు వాడే ఫ్లాష్ డ్రైవ్) ఈ పని సర్దడానికి మంచి కంట్రోలర్, చాలినన్ని స్పేర్ బ్లాకులు ఉంటాయి. మామూలు పెన్ డ్రైవ్‌లో రెండూ అంతంతమాత్రం. పైగా ఇప్పుడు వచ్చేవన్నీ దాదాపు టీఎల్‌సీ, క్యూఎల్‌సీ రకాలే, అంటే ఒక్కో సెల్‌లో మూడు, నాలుగు బిట్లు కుక్కేవి. టీఎల్‌సీ సెల్ వెయ్యి నుంచి మూడు వేలసార్లు చెరపడానికి తట్టుకుంటుంది, చవక రకంలో అదీ ఉండదు. సినిమా ఫైలు ఎక్కించి టీవీకి పెట్టేవాళ్లకి అది ఏళ్ల తరబడి చాలు. మీ వాడకానికి చాలదు.

రెండు దారులున్నాయి. డేటా ఫోల్డర్‌ని షాపు కంప్యూటర్ డిస్కులో పెట్టుకోండి. సాయంత్రం ఆల్ట్ వై నొక్కి బ్యాకప్ ఎంచి ఆ బ్యాకప్‌ని పెన్ డ్రైవ్‌లోకి తీయండి, ఇంట్లో రీస్టోర్ చేసుకోండి. అప్పుడు రోజుకి ఒకసారి వరసగా రాయడమే, మామూలు డ్రైవే చాలాకాలం వస్తుంది. జాగ్రత్త ఒక్కటే: ఒకచోట వేసినవి బ్యాకప్ తీసి రెండోచోట రీస్టోర్ చేయకుండా అక్కడ ఎంట్రీలు వేయకూడదు. రీస్టోర్ అంటే కలపడం కాదు, పాతదాని మీద కొత్తది రాయడం.

అది కష్టమనుకుంటే ఎస్‌ఎస్‌డీ కొనండి. శాంసంగ్ టీ7 లాంటి డబ్బీ అయినా సరే, ట్రాన్సెండ్ ఈఎస్‌డీ310సీ లాంటి పెన్ డ్రైవ్ ఆకారంలో వచ్చేదైనా సరే. ప్లగ్ పెట్టాక డివైస్ మేనేజర్‌లో మామూలుగా యూఎస్‌బీ అటాచ్డ్ ఎస్‌సీఎస్‌ఐ (యూఏఎస్) మాస్ స్టోరేజ్ డివైస్ అని కనిపిస్తుంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో దాని ఆరోగ్యం శాతంలో చూసుకోవచ్చు. మామూలు పెన్ డ్రైవ్ ఈ వివరాలేవీ చెప్పదు, చెప్పకుండానే పోతుంది.

సూటిగా
ఎస్‌ఎస్‌డీ కొన్నా బ్యాకప్ తప్పదు.

స్పెక్_చదివేవాడు
డ్రైవ్‌ని ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో వద్దు, ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఫార్మాట్ చేయండి. ఎక్స్‌ఫ్యాట్‌కి జర్నల్ (మార్పుల చిట్టా) లేదు, కరెంటు పోయినా, హడావిడిలో పీకేసినా ఫోల్డరే మాయమవ్వచ్చు.

నకిలీ_వేట
ఎన్‌టీఎఫ్‌ఎస్ వల్ల రాతలు పెరుగుతాయి, పెన్ డ్రైవ్ ఇంకా తొందరగా అరుగుతుంది.

స్పెక్_చదివేవాడు
జర్నల్ రాసేది మెటాడేటా (ఫైళ్ల పట్టిక వివరాలు) మాత్రమే, ఎస్‌ఎస్‌డీకి అది లెక్కలోది కాదు.

సర్వీస్_బెంచ్
ఇద్దరిదీ నిజమే. కానీ జర్నల్ కాపాడేది ఫైళ్ల పట్టికని. వోచరు సగం రాసి ఉండగా పీకితే లోపల ట్యాలీ ఫైలు చెడటం చెడటమే. ముందు ట్యాలీ మూసి, సేఫ్లీ రిమూవ్ నొక్కి, ఆ తర్వాతే తీయండి. విండోస్ 10, 1809 వెర్షన్ నుంచి క్విక్ రిమూవల్ (నేరుగా పీకేయొచ్చనే సెట్టింగు) డిఫాల్ట్‌గా ఉంది కదా అని ఈ మెట్టు దాటేయకండి, ఫైలు తెరిచి ఉంటే అది ఆదుకోదు.

కోఠి_రిపేర్లు
మోడల్ అడిగిండు కదా, బాడీ సంగతి ఎవ్వరూ చెప్తలేరు. ఉత్త పెన్ డ్రైవే కావాలంటే శాంసంగ్ బార్ ప్లస్ లాగ ఒక్కటే లోహపు ముక్కగ ఉన్నది తీస్కో. ముందుకి నూకే స్లైడర్ రకం వద్దు, గాడి అరిగినంక ప్లగ్ పెట్టంగనే లోపలికి పోతది. నా దగ్గరికి వచ్చేటివాట్ల శానా వరకు చిప్ మంచిగనే ఉంటది, ప్లగ్ కాడ సోల్డర్ ఊడుతది. సీపీయూ కింద పెట్టి ముందు పోర్టుల గుచ్చుతరు, మోకాలు తగుల్తది. జానెడు ఎక్స్‌టెన్షన్ వైరు పెట్టుకుంటే ఆ బాధ ఉండదు. పెట్టి తీసుడు టైప్ ఎ ప్లగ్‌కి స్టాండర్డ్ ప్రకారం 1,500 సార్లు, టైప్ సీకి 10,000 సార్లు తట్టుకోవాలె.

గోరంత ఉండే చిన్నవి మాత్రం తీస్కోకు. శానా వేడెక్కుతయ్. అండ్ల చిప్, కంట్రోలర్ ఒక్కటే ముక్కల పోసి ఉంటయ్. పోయిందంటే చిప్ పీకి డేటా తీసుడు కాదు, సన్న సన్న వైర్లు అతికియ్యాలె. ఆ ఖర్చుకి పది డ్రైవులొస్తయ్.

మిర్చి_యార్డు_గుంటూరు
ఫోల్డర్ మొత్తం కాపీ అయింది, ట్యాలీలో తెరిస్తే లెక్కలన్నీ ఉన్నాయి. థాంక్స్ అందరికీ. డేటా షాపు సిస్టమ్‌లో పెట్టేశా, ఎస్‌ఎస్‌డీ కూడా చూస్తున్నా. ముందు పోర్టు నల్లది, పాత సిస్టమ్. అందులో నడుస్తుందా?

సర్వీస్_బెంచ్
నలుపైతే యూఎస్‌బీ 2.0 అయ్యుంటుంది, 500 మిల్లీ ఆంప్స్ మించి ఇవ్వదు. కొన్ని ఎస్‌ఎస్‌డీలు రాసేటప్పుడు అక్కడ కనెక్షన్ తెగుతాయి. వెనకవైపు నీలం పోర్టు ఉంటే దానికే పెట్టండి. డ్రైవ్ లెటర్ మారి ట్యాలీలో మీ కంపెనీ కనపడకపోతే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో చివరి అక్షరాల్లో ఒకటి కేటాయించండి.

మిర్చి_యార్డు_గుంటూరు
సరే. పాతది ఐదేళ్ల వారంటీలో ఉంది, రేపు పంపిస్తా.

బలమైన_పాస్‌వర్డ్
పంపే ముందు ఒక్కసారి ఆలోచించండి. రాయనివ్వని డ్రైవ్‌లో చెరపడమూ కుదరదు. మీ పార్టీల లెక్కలన్నీ చదవగలిగేలా ఉన్నదాన్ని పార్సిల్ చేస్తున్నారు. వారంటీలో డ్రైవ్ మారుస్తారు, లోపలి డేటాకి బాధ్యత తీసుకోరు.

మిర్చి_యార్డు_గుంటూరు
అయితే పంపను.