పెద్దల్లో రాసుకున్న విడాకుల కాగితం మీద చెల్లి సంతకం పెట్టాలా, వద్దా?

రావులపాలెం అన్న

మా చెల్లికి పెళ్లయి తొమ్మిదేళ్లు. బాబుకి ఏడు, పాపకి నాలుగు. మూడేళ్లుగా పిల్లలతో మా ఇంట్లోనే ఉంటోంది. ఇక కలిసుండే ప్రసక్తి లేదని బావా తనూ ఇద్దరూ ఒప్పేసుకున్నారు. పోయిన ఆదివారం రామాలయం అరుగు మీద రెండు ఊళ్ల పెద్దమనుషులూ కూర్చున్నారు. మాట తప్పినవాళ్ల డబ్బు పోతుందని చెరో యాభై వేలు ధరావతు కట్టించుకున్నారు. పొద్దున తొమ్మిదికి మొదలై దీపాలు పెట్టే వేళకి తేలింది.

తేలింది ఇదీ. బాబు తండ్రి దగ్గర, పాప తల్లి దగ్గర. చెల్లికి ఆరు లక్షలు. పెళ్లప్పుడు నాన్న పసుపు కుంకుమ కింద చెల్లి పేరున రిజిస్టర్ చేయించిన ఎకరం చేను వాళ్లకి రాసిచ్చెయ్యాలి. దాన్ని రొయ్యల చెరువు చెయ్యడానికి పది లక్షలు పెట్టామంటున్నారు. చెల్లి ఇక మనోవర్తి అడగదు, పాప తండ్రి ఆస్తిలో వాటా అడగదు. అంతా వంద రూపాయల స్టాంపు పేపరు మీద.

నాన్న సంతకం పెట్టించేద్దాం అంటున్నాడు. అమ్మ టెన్షన్‌తో అన్నం మానేసింది. చెల్లి కువైట్ వెళ్దామని ఏజెంటుకి పాస్‌పోర్టు కూడా ఇచ్చింది. వచ్చే ఆదివారమే సంతకాలు. నాకు మాత్రం ఆ కాగితం చదివినప్పట్నుంచి మనసొప్పడం లేదు. ఏం చెయ్యమంటారు?

పాలకొల్లు పెద్దాయన

సంతకం పెట్టించు బాబూ. ఇరవై ఏళ్లుగా ఇలాంటివి తేల్చినవాణ్ణి. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని ఊరికే అనలేదు. వాయిదాకి వాయిదాకి మధ్య ఆడపిల్ల వయసు కరిగిపోతుంది. అరుగు మీద ఒక్క పగలు చాలు. పైగా మాలో తాతల నాటి నుంచి ఇదే ఆచారం. ఆచారం ప్రకారం విడిపోతే హిందూ వివాహ చట్టం కూడా కాదనదు. కావాలంటే ప్లీడరుని అడుగు.

గుమాస్తాని

నేను ప్లీడరుని కాదు గానీ ఇరవై రెండేళ్లుగా ప్లీడరు గారి దగ్గర గుమాస్తాని. పెద్దాయన గారు చెప్పింది సగం నిజమే అండీ. 1955 నాటి ఆ హిందూ వివాహ చట్టంలో 29(2) సెక్షన్ ఆచార విడాకుల్ని కాపాడింది. కానీ ఆ ఆచారం తమలో ఉందని, అది ఎడతెగకుండా నడుస్తోందని సాక్ష్యంతో రుజువు చెయ్యాల్సింది దాన్ని చెప్పుకున్నవాళ్లే. రేపు ఎవరైనా సవాలు చేస్తే ఈ స్టాంపు పేపరు నిలబడుతుందన్న నమ్మకం లేదు. అది పడిపోతే పెళ్లి అలాగే ఉన్నట్టు. ఆ పైన ఎవరు మళ్లీ పెళ్లి చేసుకున్నా ఏడేళ్ల దాకా శిక్షపడే నేరం.

ఇంకో మెలిక ఉంది, దీన్ని ఎవరూ చూడరు. నెలనెలా మనోవర్తి ఇప్పించే, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని పాత 125 సెక్షన్ (2024 జులై నుంచి దాని బదులు వచ్చిన కొత్త చట్టంలో 144) ప్రకారం, భార్యాభర్తలు ఇద్దరూ ఇష్టపడి విడిగా ఉంటుంటే భార్యకి మనోవర్తి రాదు. మీ కాగితంలో 'ఉభయులం ఇష్టపూర్వకంగా విడిగా ఉంటున్నాం' అన్న ముక్క ఉండే ఉంటుంది, చూడండి. విడాకులు రానే రావు, మనోవర్తికి మాత్రం ఆ ముక్కే అడ్డం తెస్తారు.

పాప వాటా సంగతి. తండ్రి వైపు పిత్రార్జితం ఉంటే అందులో పిల్లలకి పుట్టుకతోనే హక్కు. ఆడపిల్లకీ అంతే. మన రాష్ట్రంలో పెళ్లికాని ఆడపిల్లలకి 1985 నుంచి ఉంది, దేశమంతా 2005లో వచ్చింది. తల్లిదండ్రులు విడిపోతే ఆ హక్కు పోదు. మైనరు స్థిరాస్తిని వదులుకోవాలంటే కోర్టు అనుమతి కావాలి. కాబట్టి మీ చెల్లి వద్దని రాసిచ్చినా పాప హక్కు పోదు. అరుగు మీద కూర్చున్నవాళ్లకి ఆ అధికారం అంతకన్నా లేదు.

చేను మీ చెల్లిది. పసుపు కుంకుమ కింద వచ్చింది స్త్రీధనం, దాని మీద భర్తకి హక్కు లేదు. పది లక్షలు పెట్టామంటే సరే, ఇన్నేళ్లూ చెరువు మీద వచ్చిన డబ్బు ఎవరు తిన్నారు?

కువైట్ నుంచి

అన్నయ్యా, ఆరేళ్ల కిందట నేనూ ఇలాంటి కాగితం మీదే సంతకం పెట్టాను. విడాకులైపోయాయనుకుని దాన్ని ఇనప్పెట్టెలో దాచుకున్నాను. పాస్‌పోర్టు రెన్యువల్‌కి వెళ్లి ఆయన పేరు తీసెయ్యమంటే కోర్టు డిక్రీ ఏదీ అన్నారు. స్టాంపు పేపరు చూపిస్తే కౌంటరులో అమ్మాయి అటూ ఇటూ తిప్పి చూసి నవ్వలేక నా చేతికిచ్చేసింది. ఆయన అప్పటికే పెళ్లి చేసుకున్నాడు, నేనైతే చేసుకోలేను.

చెల్లి ఇక్కడికి రాకముందే పిల్లలు ఎవరి దగ్గర ఉండాలో కోర్టు ఆర్డరు తీయించండి. నేను తీయించలేదు. నేనిక్కడ సేట్ ఇంట్లో గిన్నెలు తోముతుంటే, ఆయన బడి దగ్గరికెళ్లి మా పాపని తీసుకెళ్లిపోయాడు. మా అమ్మ స్టేషనుకి పరిగెడితే 'తండ్రే కదా తీసుకెళ్లింది' అన్నారు. ఫోనులో అమ్మ ఏడుపు వినపడుతోంది, ఇక్కడ మేడం పిలుస్తోంది.

గౌతమి దాటి

అసలు ఈ గొడవంతా ఎందుకు? విడాకులైతే భర్త ఆస్తిలో సగం రావాలి. యానాంలో ఫ్రెంచి చట్టం కాబట్టి ఇస్తారట. గోదారి అటు సగం, ఇటు సున్నా. ఇదేం న్యాయం?

గుమాస్తాని

యానాం మాట ఎవరో అరటిపండు ఒలిచినట్టు చెప్పి మిమ్మల్ని తప్పుదోవ పట్టించారు. ఫ్రెంచి కాలంలో తమ మతాచారపు చట్టాన్ని వదులుకుంటున్నామని రాసిచ్చిన కుటుంబాలకి మాత్రమే హిందూ వివాహ చట్టం వర్తించదు. యానాంలో మిగతా హిందువులకి మనకున్న చట్టమే. సగం సగం అనే పద్ధతి ఉన్నది గోవాలో.

ఇక్కడ ఎవరి పేరున ఉన్నది వాళ్లదే. అడగగలిగింది శాశ్వత భరణం. అది భర్త ఆస్తీ సంపాదనా, భార్య సంపాదనా చూసి కోర్టు తేలుస్తుంది. సుప్రీం కోర్టు 2020లో మనోవర్తి కేసుల్లో ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం అఫిడవిట్‌లో రాసివ్వాలంది. ఆరు లక్షలని తేల్చిన పెద్దలు బావగారి ఆదాయం ఎంతని అడిగారా?

చెరువు గట్టు

అత్తింట్లో ఉన్నన్నాళ్లూ చెరువు గట్టు మీద మేత బస్తాలు మోసింది, నీళ్లకి గాలి అందించే ఏరేటర్లు ఆగిపోతే అర్ధరాత్రి టార్చి పట్టుకుని లేచింది ఎవరండీ? పేరు ఎవరిదైతే ఆస్తి వాళ్లదంటే ఆ చాకిరీకి విలువ ఏది? చట్టంలోనే కన్నం ఉంది. పెద్దాయన గారిని ఒక్కరినీ తిట్టి లాభం లేదు.

రెండో శనివారం నాన్న

మగవాడి వైపు నుంచి ఒక మాట. నాలుగేళ్లు కోర్టు చుట్టూ తిరిగాను. నాకు కోపం వాయిదాల మీద, జడ్జిగారి మీద కాదు. మొదట్లో నెలకి రెండు శనివారాలు కోర్టు ఆవరణలోనే బాబుని చూడనిచ్చారు. మొదటిరోజు వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో వాడు, వాళ్ల అమ్మమ్మ కొంగు వెనకాల సగం దాక్కుని. రిమోట్ కారు కొన్నాను, బ్యాటరీలు మర్చిపోయాను. ఇద్దరం ఆ కారుని చేత్తో తోసుకుంటూ గంట గడిపాం. పోయేటప్పుడు 'మళ్లీ శనివారం బ్యాటరీలు తే' అన్నాడు. ఆ మాటతో రెండేళ్లు బతికాను.

తర్వాత జడ్జిగారు వాణ్ణి చాంబరులోకి పిలిచి ఒంటరిగా మాట్లాడారు. పిల్లలు ఆలోచించి చెప్పగల వయసొస్తే వాళ్ల ఇష్టం కూడా చూడొచ్చని 1890 నాటి గార్డియన్ల చట్టంలోనే ఉందట. ఇప్పుడు భోగి వాళ్లమ్మ దగ్గర, కనుమ నా దగ్గర. వేసవి సెలవులు సగం సగం.

మీ పెద్దలు అన్నాచెల్లెళ్లని చెరొక ఊళ్లో పడేశారు చూడండీ, అది నాకు అన్నిటికన్నా తప్పుగా అనిపించింది. అయిదేళ్ల లోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని చట్టం. ఆ పైన పిల్లల మేలే కొలత. బాబుకి ఏం కావాలో అరుగు మీద ఎవరైనా అడిగారా?

పాలకొల్లు పెద్దాయన

అడగలేదు. మేమెప్పుడూ పిల్లల్ని అడగం. అది మా లోపమే, ఒప్పుకుంటాను. కానీ గుమాస్తా గారూ, కోర్టులో ఉభయుల ఇష్టం మీద పిటిషన్ వేశాక, ఆరు నెలలకి రెండోసారి రావాలిగా? డబ్బు తీసుకుని రెండోసారి రానివాళ్లని, సంతకం పెట్టించుకుని డబ్బు ఎగ్గొట్టినవాళ్లని ఇద్దర్నీ చూశాను. మా ధరావతు లేకపోతే ఎవడు నిలబడతాడు?

గుమాస్తాని

మంచి ప్రశ్న. డిక్రీ వచ్చేదాకా ఎవరైనా సమ్మతి వెనక్కి తీసుకోవచ్చు, నిజమే. అందుకే మా దగ్గర సగం డబ్బు పిటిషన్ వేసినప్పుడు, సగం డిక్రీ రోజున డీడీగా ఇప్పిస్తాం. ఆ ఆరు నెలల గడువూ తప్పనిసరి కాదని 2017లో సుప్రీం కోర్టు చెప్పింది. వీళ్లు మూడేళ్లుగా విడిగా ఉన్నారు. పిల్లలు, మనోవర్తి, ఆస్తి అన్నీ తేల్చుకుని వస్తే గడువు మాఫీ అడగొచ్చు. పెద్దలు తేల్చింది పారెయ్యమనలేదండీ, సరిచేసి దాన్నే 13బి (ఉభయుల ఇష్టంతో విడాకులిచ్చే సెక్షన్) పిటిషన్‌లో పెట్టమంటున్నాను. ఫ్యామిలీ కోర్టు లేని చోట సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో వేస్తారు. ఖర్చుకి భయపడితే, ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా ప్లీడరుని ఇస్తుంది. (చర్చిలో క్రైస్తవ చట్టం కింద జరిగిన పెళ్లయితే దారి వేరు. అక్కడ 1869 నాటి చట్టం.)

అన్నగారూ, ఆదివారం లోపు ఒక్క పని చెయ్యండి. ఆ చేను సర్వే నంబరుతో ఈసీ (దాని మీద తాకట్లూ అమ్మకాలూ ఉన్నాయేమో చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు కాగితం) తీయించండి.

రావులపాలెం అన్న

పాసుపుస్తకం వాళ్ల బీరువాలో ఉంది. మీభూమి వెబ్‌సైట్‌లో చూస్తే 1బి (భూమి ఎవరిదో చూపే రికార్డు) చెల్లి పేరు మీదే ఉంది. ఈసీ ఈరోజు చేతికొచ్చింది. నాలుగేళ్ల కిందట ఆ చేను తనఖా పెట్టి తొమ్మిది లక్షలు అప్పు తీసుకున్నారు. చెల్లిని అడిగితే, పంట లోను అని చెప్పి బ్యాంకులో రెండుచోట్ల సంతకం పెట్టించారంది. వాళ్లు పెట్టామన్న పది లక్షల్లో తొమ్మిది చెల్లి పేరున ఉన్న అప్పే. ఇంకా తీరలేదు. ఆదివారం సంతకం పెడితే చెరువు వాళ్లకి, అప్పు చెల్లికి.

నాన్నకి చూపించాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత వెళ్లి ఏజెంటు దగ్గర్నుంచి పాస్‌పోర్టు తెచ్చేశాడు.

బాబుని అడిగాం. 'చెల్లి ఎక్కడుంటే అక్కడ' అన్నాడు.

పాలకొల్లు పెద్దాయన

మీ ఊరి పెద్దల్లో ఇద్దరు నాకు తెలిసినవాళ్లే. ఆదివారం నేనూ వస్తాను. ఈసీ నాలుగు జిరాక్సులు తీయించి ఉంచు. గుమాస్తా గారూ, ఆ పిటిషన్ నమూనా ఒకటి పంపగలరా?