నన్నారి కొమ్ములు మరిగిస్తే వాసన పోతోంది, ఎందుకు?

ప్రశ్న (తిరుపతి): అన్నా, షర్బత్ కోసం 100 గ్రాముల ఎండు నన్నారి కొమ్ములు (వేళ్లు) లీటరు నీళ్లలో అరగంట మరిగిస్తా ఉండా. ఇల్లంతా ఘుమఘుమ, షర్బత్‌లో మాత్రం చేదు. షుగర్‌కు మంచిదంటారు, నిజమేనా?

జవాబు 1: ఇల్లంతా ఘుమఘుమ అంటే వాసన గాల్లో కలిసిపోయినట్టే. ఆ వాసన 2-హైడ్రాక్సీ-4-మెథాక్సీ బెంజాల్డిహైడ్‌ది. వెనిలా వాసననిచ్చే వెనిల్లిన్‌కు ఐసోమర్, అంటే అవే అణువులు, అమరిక మాత్రం వేరు. నీళ్లలో సరిగా కరగదు, ఆవిరితో ఇట్టే లేచిపోతుంది. కొమ్మును రోట్లో దంచితే నడిమి పుల్ల విడిపోతుంది, అది పారేయండి. సారమంతా పైకండలోనే. నీళ్లు మరిగాక పొయ్యి కట్టేసి, దంచినది వేసి, గట్టిగా మూతపెట్టి రాత్రంతా వదిలేయండి. వడకట్టి, కిలో చక్కెర వేసి కరిగేంతవరకే వేడి చేయండి. ఇది ఫ్రిజ్‌లోనే ఉంచాలి, బయటుంటే పులుస్తుంది. బయట నిలవుండాలంటే లీటరుకు రెండు కిలోలు పడుతుంది.

జవాబు 2: నన్నారి అనే పేరు రెండు రకాల వేళ్లకు వాడతారు. సన్నగా, తీగలా ఉండేది సుగంధిపాల వేరు. లావుగా కండపట్టినది మారెడు గడ్డ, శేషాచలం కొండల్లోనూ పెరుగుతుంది. వాసన రెంటికీ ఒకటే. మారెడును గడ్డతో సహా పెరికేస్తారు కాబట్టి అడవిలో తగ్గిపోతోంది, సాగు చేసినది దొరికితే అదే కొనండి.

జవాబు 1: షుగర్ సంగతి మరిచిపోయా. ల్యాబ్‌లో యాంటీఆక్సిడెంట్ గుణం కనిపించినంత మాత్రాన మందు కాదు. ఇంత చక్కెర పాకం షుగరున్నవాళ్లకు చెరుపే, మాత్రలు మాత్రం ఆపొద్దు.