క్రెబ్స్ వలయం ఆక్సిజన్‌ని వాడుతుందా, వాడదా? తప్పు కీదా, మావాడిదా?

గాజువాక నాన్న:
మావాడు ఇంటర్ సెకండియర్ బైపీసీ. వీకెండ్ టెస్టులో బోటనీ బిట్టు: "క్రెబ్స్ వలయం ఆక్సిజన్‌ని నేరుగా వాడుకుంటుంది", తప్పా ఒప్పా. వీడు తప్పని పెట్టాడు, కీలో ఒప్పని ఉంది. రావాల్సిన నాలుగూ పోయి మైనస్ ఒకటి పడింది. నాది డిప్లొమా మెకానికల్, ఈ గొడవ నాకేటీ తెలీదు. తెలిసినోళ్లు చెప్పండి.

కీ అంటే కీ:
కీ కరెక్టే. పాఠం పేరే వాయుసహిత శ్వాసక్రియ. ఆక్సిజన్ ఆపితే వలయం ఆగుతుంది. ఆగిందంటే వాడుతున్నట్టే కదా, ఇందులో చర్చేముంది?

ఎంవీపీ మాస్టారు:
చర్చ ఉంది బాబూ. క్రెబ్స్ వలయమంటే కణం ఆహారం నుంచి శక్తి తీసే పనిలో, మైటోకాండ్రియాలో గుండ్రంగా తిరిగే రసాయన మెట్ల వరస. గ్లూకోజు విరిగితే వచ్చే మూడు కార్బన్ల పైరువిక్ ఆమ్లం మైటోకాండ్రియాలోకి వెళ్లగానే ఒక కార్బన్ డయాక్సైడ్ పోతుంది. మిగిలిన రెండు కార్బన్లు ఎసిటైల్ కోఎంజైమ్-ఎ అవుతాయి. అది నాలుగు కార్బన్ల ఆక్సాలోఎసిటిక్ ఆమ్లంతో కలిస్తే సిట్రిక్ ఆమ్లం. అక్కణ్ణుంచి ఒక చుట్టు తిరిగేసరికి మూడు ఎన్ఏడీహెచ్, ఒక ఎఫ్ఏడీహెచ్2 (ఈ రెండూ ఎలక్ట్రాన్లను మోసేవి), ఒక జీటీపీ (శక్తి అణువు), రెండు కార్బన్ డయాక్సైడ్లు. ఏ మెట్టులోనైనా ఆక్సిజన్ అణువు కనిపించిందా? మనం పీల్చిన ఆక్సిజన్ చివర్లో, ఎలక్ట్రాన్ రవాణా దగ్గర, నీరవుతుంది. వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో ఉన్నది అది కాదు.

మరి వలయం ఎందుకు ఆగుతుందంటారా? ఎన్ఏడీహెచ్ తన ఎలక్ట్రాన్లను దించుకుంటేగానీ వలయానికి కావాల్సిన ఖాళీ ఎన్ఏడీ+ మళ్లీ దొరకదు. ఛత్తీస్‌గఢ్ కిరండూల్ గనుల ఇనుప ఖనిజం వ్యాగన్లు మన విశాఖ పోర్టులో ఖాళీ కాకపోతే అక్కడ లోడింగు ఆగిపోతుంది. అలాగని కిరండూల్‌కి ఓడ వెళ్లిందంటారా?

బైపీసీ ద్వారకానగర్:
సార్, ఒక గ్లూకోజు నుంచి కణానికి శక్తినిచ్చే అణువులు, అదే ఏటీపీలు, 38 వస్తాయా 32నా? అది తేల్చండి ముందు.

ఎంవీపీ మాస్టారు:
38 పాత లెక్క. ఎన్ఏడీహెచ్‌కి 2.5, ఎఫ్ఏడీహెచ్2కి 1.5 వేసుకుంటే 30 లేదా 32. ఇక్కడ విషయం అది కాదు.

కీ అంటే కీ:
ఓడలూ వ్యాగన్లూ పరీక్షలో రావు. ఆక్సిజన్ లేకపోతే వలయం ఉందా లేదా? ఒక్క మాటలో చెప్పండి.

ఎంవీపీ మాస్టారు:
ఉండదు. బిట్టులో "నేరుగా" అని ఉంది, చదివారా?

ల్యాబ్ సిస్టర్:
ఆ పైరువిక్ మెట్టుకి బి1 విటమిన్, అంటే థయమిన్, కావాలి. తిండి లేక చిక్కిపోయినవాళ్లకి గ్లూకోజు ఎక్కించే ముందు థయమిన్ ఇచ్చేది అందుకే. దీని గురించి ఎవరూ మాట్లాడరేం?

కీ అంటే కీ:
నేనూ క్లాసులు చెప్తాను. తొంభై మంది ఉన్న గదిలో ఒక్కో బిట్టుకీ ఒక్కో తండ్రి ఇలా తగాదాకొస్తే సిలబస్ అవ్వదు. ఐదు మార్కులకి ఇంత రాద్ధాంతమా?

గాజువాక నాన్న:
ఐదు మార్కులకి కాదు సార్. మావాడు పుస్తకం పట్టుకుని లేచి అడిగితే "ఈ సెక్షన్‌కి కూడా డౌట్లేట్రా, కూర్చో" అన్నారట. మొదటి సెక్షన్ వాళ్లకైతే కూర్చోబెట్టి చెప్తారు. ఫీజు మాత్రం ఇద్దరికీ ఒకటే. నైట్ షిఫ్టులు చేసి కడుతున్నాను. సమాధానం తప్పైతే తప్పని చెప్పండి, సెక్షన్ ఎత్తడమేంటి?

బైపీసీ ద్వారకానగర్:
ఏటీపీని 1929లో కనిపెట్టినవాళ్లలో ఒకరైన మన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్ మూడోసారికి పాసయ్యారు. ఆయన్ని ఏ సెక్షన్లో వేసేవారో!

కీ అంటే కీ:
ప్రతి వాదనలోకీ సుబ్బారావుగారిని లాక్కురాకండి. ర్యాంకు వచ్చేవాళ్ల మీద ఎక్కువ టైం పెట్టకపోతే రేపు మీరే అడ్మిషన్‌కి రారు. ఫ్లెక్సీలు చూసే కదా చేర్పిస్తారు?

ఎంవీపీ మాస్టారు:
అంటే కీ తప్పని మీకూ తెలుసు. అడిగినవాడు ఎవడన్నదే మీ బాధ.

కీ అంటే కీ:
నేను అలా అనలేదు.

బైపీసీ ద్వారకానగర్:
అంకుల్, మీ బాబుది ఏ సెక్షన్? మా తమ్ముడి పేపర్లో కూడా అదే బిట్టు, అదే కీ. ఇద్దరం కలిసి వెళ్లి అడుగుదాం.